వెబ్ పుటల కూర్పు – చేయుచు నేర్చిన విద్య

సీసపు అక్షరములతో అచ్చుపని జరిగిన కాలములో రచయిత వ్రాతప్రతి నేరుగా కంపోజిటరు చేతికి పోయేది కాదు. ముందుగా అనుభవము గల ఒకరు దానిని చదివి అంచులలో కొన్ని గుర్తులు పెట్టేవారు. ఇది శీర్షిక, పెద్ద అక్షరములు వాడవలెను. ఇచ్చట పేరా మారవలెను. ఈ మాట లావు అక్షరములలో ఉండవలెను – ఇట్టివి ఆ గుర్తుల అర్థములు. పుస్తకము చదివేవారికి ఈ గుర్తులు కనబడవు. వాటి ఫలితము మాత్రమే కనబడును. నేడు కంప్యూటరు తెరమీద గాని, చేతిలోని ఫోనుమీద గాని కనబడు ప్రతి వెబ్ పుట వెనుక ఇట్టి గుర్తులే ఉన్నవి. వాటిని పెట్టు పద్ధతికే హెచ్‌టిఎమ్‌ఎల్ అని పేరు.

ఈ విద్య వ్యాపించిన తీరులో ఒక విశేషము ఉన్నది. తొలి సంవత్సరములలో దీనిని నేర్చుకొన్నవారిలో చాలామందికి గురువు లేడు, పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు. ఒక చిన్న పాఠము చదువుట, వెంటనే చేసి చూచుట, తప్పిపోయినచో దిద్దుకొనుట – ఇదే వారి పాఠశాల. ఈ పద్ధతి ఎట్లు పుట్టినది, ఎచ్చట దారి తప్పినది, తెలుగువారి చేతికి ఏ రూపములో వచ్చినది అనునది ఉపాధ్యాయులకును విద్యార్థులకును తెలియదగిన చరిత్ర.

కలము పోగొట్టుకొన్న యంత్రము

స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున జెనీవా నగరము చెంత సెర్న్ అను పరమాణు పరిశోధనా సంస్థ ఉన్నది. అనేక దేశముల శాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చి పని చేసి వెళ్ళుచుందురు. వారి నివేదికలు వేర్వేరు కంప్యూటర్లలో వేర్వేరు రూపములలో చెదరి ఉండేవి. ఈ చిక్కును తీర్చుటకు టిమ్ బెర్నర్స్‌-లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1989 మార్చిలో ఒక పథకమును సమర్పించినాడు. 1990 చివరి నాటికి ఆయన మొదటి బ్రౌజరును తయారు చేసినాడు. 1991 ఆగస్టు 6న దీనిని గురించి బయటి ప్రపంచమునకు తెలియజేసినాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఈ విధానమును ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించినది.

ఆ మొదటి బ్రౌజరు పుటలను చూపుటకు మాత్రమే కాక, వ్రాయుటకు కూడ పనికివచ్చేది. పుటను చదువుచున్నవాడు అదే కిటికీలో మరొక పుటను కూర్చవచ్చును. అనగా చదువరియే రచయిత కావచ్చునని దాని రూపకర్త ఉద్దేశము. కాని అది నెక్స్ట్ అను ఒక ఖరీదైన యంత్రము మీదనే పనిచేసినది. అట్టి యంత్రములు గలవారు కొద్దిమంది. అన్ని రకముల కంప్యూటర్ల మీదను పనిచేయుటకై నికోలా పెల్లో అను విద్యార్థిని 1991లో మరొక బ్రౌజరును వ్రాసినది. అది అక్షరములను చూపగలదే గాని వ్రాయనీయదు. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయములో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అనువారు తయారు చేసిన మొజాయిక్ బ్రౌజరు అక్షరముల నడుమ బొమ్మలను కూడ చూపినది. లోకమును ఆకర్షించినది అదే. అందులో కూడ వ్రాసే సాధనము లేదు. వెబ్ వ్యాపించినది గాని, కలము వెనుకబడిపోయినది.

ఆ కలమును తిరిగి సంపాదించుటకు సామాన్యులకు రెండు దారులు దొరికినవి.

మూలమును చూచి నేర్చిన తరము

మొదటి దారి, పుట వెనుకనున్న గుర్తులను చూచుట. బ్రౌజరులో మూలమును చూపుమని కోరినచో ఆ పుటను కూర్చినవారు పెట్టిన గుర్తులన్నియు బయటపడును. వంటకమును తిన్నవాడు వంటింటిలోనికి పోయి దినుసులన్నిటిని చూచినట్లు, పుటను మెచ్చినవాడు దాని నిర్మాణమును చూడగలిగినాడు. దానిని తన కంప్యూటరులోనికి ఎత్తి వ్రాసుకొని, ఒక మాట మార్చి, ఫలితము చూచి, మరొకటి మార్చి నేర్చుకొన్నాడు.

రెండవ దారి, ప్రారంభకుల కొరకు వ్రాసిన పాఠములు. మొజాయిక్ పుట్టిన సంస్థయే ప్రారంభకుల కొరకు హెచ్‌టిఎమ్‌ఎల్ మార్గదర్శిని నొకదానిని వెలువరించినది. చిన్న ఉదాహరణతో మొదలై, ఒక్కొక్క గుర్తును చేర్చుచు పోవుట దాని పద్ధతి. 1998లో నార్వే దేశములో మొదలైన డబ్ల్యు త్రీ స్కూల్స్ అను పాఠముల సైటు ఇంకొక మెట్టు పైకి పోయి, పాఠములోనే అభ్యాసమునకు చోటు కల్పించినది. తెరమీద ఒక ప్రక్క గుర్తులు, మరొక ప్రక్క ఫలితము. గుర్తును మార్చి మీట నొక్కినచో ఫలితము అప్పుడే మారును.

ఈ విద్య ఇంత సులభముగా చేజిక్కుటకు కారణము దాని స్వభావములోనే ఉన్నది. 1991 చివర బెర్నర్స్‌-లీ వివరించిన తొలి గుర్తులు 18 మాత్రమే. అక్షరమాల నేర్చిన బాలునికి అవి భారము కావు. పైగా తప్పు చేసినను బ్రౌజరు పని మానదు. తనకు తెలిసినంతవరకు పుటను చూపును. తప్పు చేసినవాడు భయపడక మరల ప్రయత్నించుటకు ఈ సహనము తోడ్పడినది.

గుర్తులను దాచిన పనిముట్లు

పుటల సంఖ్య పెరిగిన కొలది, గుర్తులతో పని లేకుండ పుటలను కూర్చు సాఫ్ట్‌వేరు కావలెనను కోరిక పుట్టినది. వెర్మీర్ టెక్నాలజీస్ అను సంస్థ 1995లో ఫ్రంట్‌పేజిని విడుదల చేసినది. 1996 జనవరిలో మైక్రోసాఫ్టు ఆ సంస్థను కొనివేసినది. 1997 డిసెంబరులో మాక్రోమీడియా సంస్థ డ్రీమ్‌వీవరును తెచ్చినది. ఇట్టి సాఫ్ట్‌వేరులో పని ఉత్తరము టైపు చేయుటను పోలియుండును. శీర్షికను ఎన్నుకొని మీట నొక్కినచో అక్షరములు పెద్దవగును. గుర్తులను యంత్రమే పెట్టుకొనును.

ఇది ప్రారంభకులకు గొప్ప వరముగా తోచినది. మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందినది. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్సు ప్రారంభమైనది. ఆ సంవత్సరములలో అమీర్‌పేట మైత్రీవనము పరిసరములలోని శిక్షణ కేంద్రములు పెరిగి పెద్దవైనవి. జిల్లాల నుండి వచ్చిన యువకులు అక్కడ గదులు అద్దెకు తీసుకొని సాఫ్ట్‌వేరు విద్యలు నేర్చినారు.

అయితే సాఫ్ట్‌వేరుకు ఆయుర్దాయము ఉన్నది. 2003 నాటి రూపమే ఫ్రంట్‌పేజికి చివరిదైనది. 2006లో మైక్రోసాఫ్టు దానిని విరమించినది. 2005లో మాక్రోమీడియాను అడోబి సంస్థ కొనివేసినది. ఎందరో తొలి పుటలను నిలుపుకొన్న జియోసిటీస్ అను ఉచిత స్థలమును 2009 అక్టోబరులో యాహూ మూసివేసినది. ఏ మీట ఎచ్చట నున్నదో మాత్రమే కంఠస్థము చేసినవాని విద్య ఆ మీటతోనే పోయినది. మీట నొక్కినప్పుడు వెనుక ఏ గుర్తు పుట్టుచున్నదో చూచుకొన్నవాని విద్య నిలిచినది. 1993లో వాడిన శీర్షిక గుర్తు, పేరా గుర్తు, లంకె గుర్తు నేటికిని అవియే. మధ్యలో హెచ్‌టిఎమ్‌ఎల్‌కు అనేక మార్పులు వచ్చినను ఈ పునాది కదలలేదు.

అందమును నిర్ణయించు భాగము మాత్రము వేరుపడినది. హోకన్ వియుమ్ లీ అను నార్వే శాస్త్రజ్ఞుడు 1994లో సూచించిన సిఎస్‌ఎస్ అను పద్ధతి 1996 డిసెంబరులో ప్రమాణమైనది. దీని ప్రకారము పుటలో ఏది శీర్షిక, ఏది పేరా అని హెచ్‌టిఎమ్‌ఎల్ చెప్పును. ఏ రంగు, ఎంత ఎడము అని సిఎస్‌ఎస్ చెప్పును. ఇల్లు కట్టుట ఒకటి, సున్నము వేయుట మరొకటి అయినట్లు.

అభ్యాస పాఠముల వెనుక శాస్త్రము

చేయుచు నేర్చుట మన దేశమునకు కొత్త భావము కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశములో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌కు చేతిపనియే కేంద్రము. కంప్యూటరు విషయములో ఈ భావమును సీమోర్ పాపర్టు అను గణిత శాస్త్రజ్ఞుడు అమెరికాలో ప్రచారము చేసినాడు. ఆయనయు, ఆయన సహచరులును పిల్లల కొరకు 1967లో లోగో అను కంప్యూటరు భాషను రూపొందించినారు. ఒక వస్తువును తయారు చేసి ఇతరులకు చూపునప్పుడు విద్య బాగుగా పట్టుబడునని ఆయన వాదము.

అయితే, చేయనిచ్చినంత మాత్రమున అందరును నేర్తురా? ఈ ప్రశ్నకు ప్రయోగములు రెండు ముఖ్యమైన సమాధానములు ఇచ్చినవి. 1980 తరువాతి సంవత్సరములలో ఐబిఎమ్ సంస్థ పరిశోధకుడు జాన్ కారల్, కొత్తగా కంప్యూటరు నేర్చువారిని శ్రద్ధగా గమనించినాడు. వారు లావు పుస్తకములను వరుసగా చదువుట లేదు. తమకు కావలసిన పనిని వెంటనే మొదలుపెట్టుచున్నారు. తప్పులో చిక్కుకొని బయటపడలేక ఆగిపోవుచున్నారు. కాబట్టి పాఠము చిన్నదిగా ఉండవలెననియు, నిజమైన పనితో మొదలు కావలెననియు, తప్పు జరిగినప్పుడు దానిని గుర్తించి దిద్దుకొను మార్గము పాఠములోనే ఉండవలెననియు ఆయన తేల్చినాడు.

రెండవ సమాధానము ఆస్ట్రేలియా నుండి వచ్చినది. జాన్ స్వెల్లరు, గ్రాహమ్ కూపరు అనువారు 1985లో బీజగణితముతో చేసిన ప్రయోగములలో, ప్రారంభకులకు లెక్కలు మాత్రమే ఇచ్చుట కంటె, చేసి చూపిన లెక్కలను పరిశీలింపజేయుట మేలని కనబడినది. మనస్సు ఒక్కసారి మోయగల బరువు తక్కువ. దారి వెదకుటకే ఆ శక్తి అంతయు ఖర్చయినచో నేర్చుటకు మిగలదు. అయితే నేర్పు వచ్చిన తరువాత అదే ఉదాహరణ అడ్డగును. సైకిలు నేర్చువానిని మొదట పట్టుకొనుట ఎంత అవసరమో, తరువాత వదలుట అంత అవసరము.

తెలుగు అక్షరముల చిక్కు

తెలుగువారికి గుర్తులు నేర్చిన తరువాత మరొక గోడ అడ్డు వచ్చినది. అది అక్షరముల గోడ. కంప్యూటరుకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. ఏ అక్షరమునకు ఏ అంకె అను ఒప్పందము అందరికిని ఒక్కటిగా ఉండవలెను. భారతీయ భాషలకు ఇస్కీ అను జాతీయ ప్రమాణము 1991లో ఏర్పడినను, వెబ్ మీద చాలామంది దానిని అనుసరింపలేదు. ఒక్కొక్క సంస్థ తన సొంత ఫాంటులో, ఇంగ్లీషు అక్షరముల అంకెల స్థానములో తెలుగు ముక్కలను అమర్చుకొన్నది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ పుట అర్థము లేని గీతలుగా కనబడినది. అందులోని మాటలను వెదకుటకు వీలు లేదు. కష్టపడి టైపు చేసిన తెలుగు, ఫాంటు మాయమగుటతో చదువరాని వ్రాత అయినది.

యూనికోడు ఈ చిక్కును విప్పినది. 1991 అక్టోబరులో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు లభించినది. 3072 మొదలు 3199 వరకు గల 128 అంకెలు తెలుగు లిపికి కేటాయింపబడినవి. ఉదాహరణకు మాడుగులపల్లి అను మాట కంటికి ఆరు అక్షరములు. యూనికోడులో అది పండ్రెండు సంకేతములు: మకారము, దీర్ఘము, డకారము, కొమ్ము, గకారము, కొమ్ము, లకారము, పకారము, లకారము, పొల్లు, లకారము, గుడి. మకారమునకు 3118, దీర్ఘమునకు 3134 – ఈ విధముగా ప్రతిదానికి ఒక అంకె. ఇందులో పొల్లు రెండు లకారములను కలిపి ఒత్తును పుట్టించును. వెబ్‌లో ఇప్పుడు ఎక్కువగా వాడు యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు బైట్ల చోటు తీసుకొనును. కాబట్టి ఈ ఊరి పేరు 36 బైట్లు.

ఈ సంకేతములను తెరమీద సరియైన ఒత్తులతో చూపుటకు మరి పది సంవత్సరములు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అను తెలుగు ఫాంటు చేరినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో యూనికోడు ఫాంటులను తయారు చేసి ఉచితముగా ఇచ్చినారు. పాత ఫాంటులలోని వ్రాతను యూనికోడుగా మార్చు పద్మ అను సాధనమును వెన్న నాగార్జున రూపొందించినారు. 2006లో వీవెన్ తయారు చేసిన లేఖిని, ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాయుటకు తోడ్పడినది.

ఇదే కాలమున, పోయిన కలము కూడ తిరిగి వచ్చినది. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా ఇంజనీరు ప్రారంభించిన వికీ పద్ధతిలో, చదువుచున్న పుటను చదువరియే దిద్దవచ్చును. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. అందులో కొత్తవారు భయము లేకుండ వ్రాసి చూచుటకు ఒక పుటను ప్రత్యేకించి, దానికి ప్రయోగశాల అని పేరు పెట్టినారు. అచ్చట ఏది చెరిగినను నష్టము లేదు.

పది నిమిషముల పాఠము

పాఠములు ఇంగ్లీషులోనే ఉండుట తెలుగు మాధ్యమ విద్యార్థికి మరొక అడ్డంకి. కేంద్ర ప్రభుత్వపు జాతీయ విద్యా పథకము సాయముతో, బొంబాయి ఐఐటిలో ఆచార్య కన్నన్ మౌద్గల్య ఆధ్వర్యమున నడచిన స్పోకెన్ ట్యుటోరియల్ కార్యక్రమము దీనికి ఒక ఉపాయము కనుగొన్నది. ఒక్కొక్క పాఠము సుమారు పది నిమిషములు. తెరమీద సాఫ్ట్‌వేరు పని జరుగుచుండగా ఒక గొంతు దానిని వివరించును. తెర ఇంగ్లీషులోనే ఉండును, మాట మాత్రము భారతీయ భాషలలోనికి మారును. తెలుగు కూడ అందులో ఒకటి. విద్యార్థి తెరలో సగము పాఠమునకు, సగము తన అభ్యాసమునకు కేటాయించుకొని, ఒక అడుగు చూచి, పాఠమును ఆపి, అదే అడుగు తాను వేయవలెను. ఇంటర్నెట్టు లేనిచోట కూడ పాఠములను ముందుగా దించుకొని వాడవచ్చును.

కారల్ చెప్పిన చిన్న పాఠము, స్వెల్లరు చెప్పిన చేసి చూపిన ఉదాహరణ, వార్ధాలో చెప్పిన చేతిపని – మూడును ఇందులో కలిసినవి. కాని పాఠమును ఆపకుండ, చేయి కదపకుండ చూచినవానికి ఇది సినిమాతో సమానము. తెలిసినట్లు తోచును, చేయబోయినప్పుడు రాదు.

మాడుగులపల్లి మీద ఒక పుట

నల్లగొండ జిల్లాలో, నల్లగొండ నుండి మిర్యాలగూడ పోవు దారిలో మాడుగులపల్లి ఉన్నది. 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణలో అది కొత్త మండలమునకు కేంద్రమైనది. అట్టి ఊరి ఉన్నత పాఠశాలలో ఒక్క కంప్యూటరు ఉన్నను ఈ విద్యను మొదలుపెట్టవచ్చును. ఇంటర్నెట్టు కూడ అక్కర లేదు. సాదా వ్రాతకు ఉపయోగించు నోట్‌ప్యాడు, ఒక బ్రౌజరు చాలును.

విద్యార్థి మొదట ఊరి పేరును శీర్షిక గుర్తుల మధ్య వ్రాయవలెను. చాలా గుర్తులకు తెరచునది, మూయునది అని రెండు భాగములు ఉండును. తరువాత మండల పరిచయము ఒక పేరా, పంటల పేర్లు ఒక జాబితా, మిర్యాలగూడ పుటకు ఒక లంకె, చెరువు బొమ్మ ఒకటి. ఫైలును యుటిఎఫ్-8 పద్ధతిలో, హెచ్‌టిఎమ్‌ఎల్ అను తోకతో భద్రపరచి బ్రౌజరులో తెరవవలెను.

ఇప్పుడు తప్పుల పాఠము. శీర్షికను మూయు గుర్తును తీసివేసినచో, క్రింది పేరా కూడ పెద్ద అక్షరములుగా మారును. ఆ గుర్తు ఏమి చేయుచున్నదో దీనితో జీవితాంతము గుర్తుండును. యుటిఎఫ్-8 అని పుట తలభాగములో చెప్పుట మరచినచో, బ్రౌజరు పొరపాటుపడి తెలుగునకు బదులు పిచ్చి గీతలను చూపవచ్చును. బొమ్మ పేరులో పెద్ద అక్షరమునకు బదులు చిన్న అక్షరము వ్రాసినచో, విండోస్ కంప్యూటరులో బొమ్మ కనబడును గాని, లినక్సు సర్వరు మీదికి పోయిన తరువాత మాయమగును. ఆ రెండిటిని లినక్సు వేరుగా ఎంచును. తెలుగునకు పైన గుళ్ళు, క్రింద ఒత్తులు ఉన్నందున, పంక్తుల మధ్య ఎడమును సిఎస్‌ఎస్ ద్వారా కొంత పెంచవలెను. ఇది ఇంగ్లీషు పాఠములలో సాధారణముగా కనబడని విషయము. తెలుగు పుటను కూర్చినవానికే తెలియును.

నేడు మాట చెప్పినంతనే పుటను కూర్చి ఇచ్చు కృత్రిమ మేధ సాధనములు వచ్చినవి. ఫ్రంట్‌పేజి వచ్చినప్పటి ప్రశ్నయే వీటి విషయములోను వర్తించును. వెనుక పుట్టిన గుర్తులను చదివి తప్పు పట్టగలవానికి ఇవి పనివాండ్రు. చదువలేనివానికి ఇవియే యజమానులు.

ఊరిని గురించి తెలిసినది ఊరివారికే. ఎప్పుడు చెరువు నిండినది, ఏ బావి ఎండినది, బడి ఏ సంవత్సరము కట్టినారు అనునవి ఎక్కడో కూర్చున్నవారు వ్రాయలేరు. ఉపాధ్యాయుడు ఒక చరిత్ర పీరియడును, ఒక కంప్యూటరు పీరియడును కలిపినచో, పిల్లలు పెద్దలను అడిగి తెలుసుకొన్నది యూనికోడు తెలుగులో, సరియైన గుర్తులతో పుటగా నిలుచును. మొదటి రోజున శీర్షికయు, ఒక పేరాయు చాలును. రెండవ రోజున ఆ పేరాలోని తప్పును మరొక విద్యార్థి దిద్దవలెను.